రెండు టాంకులు, ఒక ముల్లు

బండిలో పెట్రోలు ముల్లు అప్పుడప్పుడు అబద్ధమాడుతుందని అందరికీ తెలుసు. అబద్ధమాడేటప్పుడు అది ఏ వైపుకు ఒరుగుతుందన్న సంగతి మాత్రం నేను 2004 జులై దాకా ఎన్నడూ ఆలోచించలేదు. ఆ ప్రశ్న వేసినవారు మా నాన్నగారు. వేసిన చోటు పశ్చిమ టెక్సస్‌లో ఇంటర్‌స్టేట్ 10 రహదారి.

అప్పటికి మూడు వారాల క్రితం నేనొక పాత పికప్ ట్రక్కు కొన్నాను. అది 1980ల నాటిది, రెండు పెట్రోలు టాంకులది. డాష్‌బోర్డు మీద చిన్న మీట ఒకటి ఉండేది. ఒకవైపు నొక్కితే ఇంజనుకు ముందు టాంకు నుంచి చమురు వెళ్ళేది, రెండోవైపు నొక్కితే వెనక టాంకు నుంచి. ముల్లు మాత్రం ఒక్కటే. మీట ఎటు ఉంటే ఆ టాంకు సంగతి చెప్పేది. మీటను వెనక్కి తిప్పినప్పుడల్లా ముల్లు నిండు గుర్తు దగ్గర నిలబడేది. పాత యజమాని నింపి ఇచ్చాడు కాబోలునని సంతోషించి, నేను ముందు టాంకు ఒక్కటే పోయించుకుంటూ తిరిగాను.

ఎల్ పాసోలో ఉన్న మిత్రుడొకరు ఊరు మారుతూ, తన పుస్తకాల బీరువాలు నన్ను తీసుకుపొమ్మన్నారు. సెలవులకు మా దగ్గరికి వచ్చిన నాన్నగారు తానూ వస్తానన్నారు. సాన్ ఆంటోనియోలో బయలుదేరి, ఒజోనాలో ముందు టాంకు నింపుకున్నాం. ఫోర్ట్ స్టాక్టన్‌లో ఆగలేదు. వెనకాల మరో ఇరవై గాలన్లు ఉండగా ఆగడం దేనికి? ఇంటర్‌స్టేట్ 20 వచ్చి కలిసే చోటు దాటాక ముందు టాంకు ముల్లు అడుగుకు చేరుతుండగా మీట తిప్పాను. ముల్లు ఠక్కున నిండుకు ఎక్కింది. రెండు మైళ్ళు పోయామో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

బయట ఎండ నూట నాలుగు డిగ్రీల ఫారన్‌హీట్. సెల్ ఫోనుకు సిగ్నలు లేదు. పక్కన డెబ్బయ్యేళ్ళ మనిషి, చేతిలో సగం సీసా నీళ్ళు. ముల్లు మాత్రం నిండు గుర్తు మీదే ఉంది. ఇంజను ఆగిన కారణం దాన్ని చూస్తే ఎవరికీ అర్థం కాదు. నేను బానెట్ ఎత్తి తీగలన్నీ కదిలిస్తుంటే నాన్నగారు కిందికి దిగి, వెనక టాంకును వేలి కణుపుతో తట్టారు. బోలు శబ్దం వచ్చింది.

"ఏరా, ఈ ముల్లు తీగ తెగిపోతే ఎటు పడుతుంది?" అన్నారు.

"తెలియదు నాన్నగారూ."

"తెలియకుండానే దాన్ని నమ్ముకుని ఇంత దూరం వచ్చామన్నమాట."

ఆయన ముప్ఫయ్యేళ్ళు రైల్వేలో, బెజవాడ డివిజనులో, సిగ్నళ్ళ శాఖలో పనిచేసి దిగినవారు. మమ్మల్ని ఆ రోజు గట్టెక్కించింది కూడా పరోక్షంగా ఆయన అలవాటే. మా ఇంట్లో బజాజ్ స్కూటరు ఉన్న కాలం నుంచీ నాకు "రిజర్వు" అడుగంటే దాకా తోలడమంటే భయం. అంచేత మీటను కాస్త ముందుగానే తిప్పాను. ముందు టాంకులో మూడు నాలుగు గాలన్లు మిగిలాయి. మీటను మళ్ళీ ముందుకు తిప్పి, ఏసీ ఆపి, మెల్లగా నలభై మైళ్ళకు పైగా నడిపి వాన్ హార్న్ చేరుకున్నాం. దారంతా ఇద్దరమూ మాట్లాడుకోలేదు. ఆయన ప్రశ్నకు నేను తరవాత వెతుక్కున్న జవాబే ఈ టపా.

* * *

ముల్లు లేని కాలంలో జనం ఏం చేసేవారన్నదానితో మొదలుపెడతాను.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారుకు పెట్రోలు ముల్లు లేదు. టాంకు ముందు సీటు కింద ఉండేది. సీటు ఎత్తి, మూత తీసి, కర్రపుల్ల ముంచి చూసుకోవాలి. పుల్ల ఎంతవరకు తడిసిందో అంత చమురు ఉన్నట్టు. ఇందులో మధ్యవర్తి ఎవరూ లేరు. ఆ కారులో చమురు తన బరువుతోనే ఇంజనుకు దిగేది గనక, టాంకులో తక్కువ ఉన్నప్పుడు ఏటవాలు గుట్ట ఎక్కవలసివస్తే బండిని వెనక్కి తిప్పి, రివర్సులో ఎక్కించేవారు. అంటే చమురు ఎంత ఉందో బండి నడక చెప్పేది, మనిషి దానికి తగ్గట్టు మసలుకునేవాడు.

దాని తరవాత 1927 చివర్లో వచ్చిన మోడల్ ఏ కారులో టాంకును నడిపేవాడి ఎదుటనే, డాష్‌బోర్డు వెనక అమర్చారు. అందులో తేలే బెండు నేరుగా ఒక సూచికను తిప్పేది. తీగ లేదు, కరెంటు లేదు. చమురుకూ మనిషి కంటికీ మధ్య జానెడు దూరం.

మూడో దారి మనకు బాగా తెలిసినది. మన బజాజ్ స్కూటర్ల పెట్రోలు ట్యాపులో టాంకు లోపలికి రెండు దారులుంటాయి. ఒకటి కాస్త ఎత్తులో మొదలవుతుంది, రెండోది అడుగున. మామూలుగా పై దారి నుంచి చమురు దిగుతుంది. చమురు ఆ మట్టం కంటే దిగిపోగానే బండి గునుస్తుంది. అప్పుడు వంగి ట్యాపును రిజర్వుకు తిప్పితే అడుగు దారి తెరుచుకుంటుంది. జర్మనీ వారి ఫోక్స్‌వాగన్ బీటిల్ కారులో కూడా 1960ల మొదటి దాకా ముల్లు లేదు, ఇలాంటి మీటే ఉండేది. ఒకే టాంకును రెండు టాంకులుగా వాడుకునే ఉపాయమిది. ఇందులో చమురు ఎంత ఉందో మనకు ఎప్పుడూ తెలియదు గాని, అయిపోవస్తున్నదన్న సంగతి మాత్రం చమురే స్వయంగా వచ్చి చెబుతుంది. నడిరోడ్డు మీద స్కూటరును ఒక పక్కకు వంచి, మళ్ళీ కిక్కు కొట్టి ఇంటికి చేరిన తరానికి ఆ మాట ఎంత విలువైనదో నేను చెప్పనక్కరలేదు.

* * *

అమెరికా పికప్ ట్రక్కుల్లో చాలాకాలం పెట్రోలు టాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనక ఉండేది. నడిపేవాడి వీపుకు ఆనుకుని డెబ్బై ఎనభై లీటర్ల పెట్రోలు అన్నమాట. 1973 మోడలు బళ్ళతో జనరల్ మోటార్స్ సంస్థ ఆ టాంకును క్యాబిన్ నుంచి తీసి, చాసిస్ పట్టీలకు వెలుపల, పక్క రేకుల వెనక పెట్టింది. ఒక పక్కన చోటు దొరికితే రెండో పక్కన కూడా ఉంటుంది గదా. కొంచెం అదనంగా ఇస్తే రెండో టాంకు బిగించి ఇచ్చేవారు. ఫోర్డ్ వారి ట్రక్కుల్లోనూ రెండు టాంకుల ఏర్పాటు ఉండేది.

ఆ కోరిక వెనక కారణాలు ఊహించడం కష్టం కాదు. ఆ రోజుల వి-8 ఇంజన్ల పికప్పు గాలనుకు పది పన్నెండు మైళ్ళు నడవడమే ఎక్కువ. ఇరవై గాలన్ల టాంకుతో రెండు వందల మైళ్ళు. పశ్చిమాన ఊరికీ ఊరికీ మధ్య యాభై అరవై మైళ్ళుంటాయి. రెండు టాంకులుంటే నాలుగు వందల మైళ్ళు, అంటే హైదరాబాదు నుంచి విశాఖపట్నం పోయేంత దూరం, మధ్యలో ఆగకుండా పోవచ్చు. అంతలో 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు అమ్మడం ఆపేశాయి. 1974 మార్చిలో ఆంక్ష ఎత్తేసేవరకు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. కొన్నిచోట్ల నంబరు ప్లేటులో చివరి అంకెను బట్టి సరి సంఖ్యల వారికి ఒకరోజు, బేసి సంఖ్యల వారికి మరొకరోజు పోసేవారు. దొరికినప్పుడు దొరికినంత నింపుకునే వీలున్నవాడు ఆ రోజుల్లో అదృష్టవంతుడు.

పక్క టాంకుల కథకు మరో ముఖం ఉంది. పక్కనుంచి మరో బండి గుద్దితే టాంకు చితికి మంటలు లేచే ప్రమాదం. 1992లో వినియోగదారుల సంఘాలు ఆ జనరల్ మోటార్స్ ట్రక్కుల్ని వెనక్కి పిలిపించమని కేంద్ర రవాణా భద్రతా సంస్థను కోరాయి. అదే ఏడు నవంబరులో ఎన్‌బీసీ టెలివిజను ఒక గుద్దుడు పరీక్షను చూపించింది. మంట తప్పక లేచేలా బండి కింద అగ్గి రాజేసే పరికరాలు ముందే అమర్చారన్న సంగతి తరవాత బయటపడి, 1993 ఫిబ్రవరిలో ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. ఆ అబద్ధం వల్ల అసలు ప్రశ్న చిన్నబోయింది. ఆ బళ్ళు నాటి ప్రమాణాలకు లోబడే ఉన్నాయని తయారీదారు వాదన. 1994 డిసెంబరులో అమెరికా రవాణా మంత్రి ఫెడెరికో పెన్యా రాజీ ప్రకటించారు. జనరల్ మోటార్స్ భద్రతా కార్యక్రమాలకు 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాలి, ట్రక్కుల్ని వెనక్కి పిలవనక్కరలేదు. అప్పటికే ఆ సంస్థ 1988 మోడలు నుంచి టాంకును చాసిస్ పట్టీల లోపలికి తెచ్చి, ఒకటే ఉంచింది. ఫోర్డ్ వారి ఎఫ్-150 కూడా 1997 మోడలుతో రెండో టాంకును వదిలేసింది. రెండు టాంకుల పికప్పుల కాలం అలా పాతికేళ్ళలో ముగిసింది. మిగిలినవి నావంటి వాళ్ళ చేతుల్లో పడ్డాయి.

* * *

ఇక ముల్లు సంగతి. చాలామంది అనుకునేట్టు అది పెట్రోలును చూడదు. టాంకులో ఒక కడ్డీ చివర తేలే బెండు, మన మెకానిక్కుల మాటలో ఫ్లోటు, ఉంటుంది. చమురు మట్టంతో పాటు అది పైకీ కిందికీ ఆడుతుంది. కడ్డీ రెండో చివర సన్నని నిరోధపు తీగ చుట్టమీద జారుతుంది. టాంకులో ఉన్న చమురును బట్టి ఆ చుట్టలో కరెంటు నడవవలసిన దూరం మారుతుంది. అక్కడినుంచి ఒక తీగ డాష్‌బోర్డులోని ముల్లుకు వెళుతుంది. ముల్లు చూసేది ఆ తీగలో పారే కరెంటును మాత్రమే. టాంకు ఇనుపరేకు నుంచి చాసిస్‌కు, అంటే ఎర్తుకు, వెళ్ళే మరో తీగ ఆ చుట్టును పూర్తి చేస్తుంది.

పాత ఫోర్డ్ బళ్ళలో ముల్లును తిప్పినది వేడి. రెండు లోహాల పట్టీ చుట్టూ తీగ ఉంటుంది. కరెంటు పెరిగితే తీగ వేడెక్కి పట్టీ వంగుతుంది, దాంతో ముల్లు జరుగుతుంది. వేడి నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది గనక, గతుకుల్లో చమురు ఎగిరిపడినా ముల్లు ఊగదు. దీనికి ఎప్పుడూ ఒకే మోతాదు కరెంటు అందాలి. అందుకోసం ఒక చిన్న రెగ్యులేటరు పన్నెండు వోల్టులను సగటున అయిదు వోల్టులకు దించేది. ఇంజను వేడి చూపే ముల్లుకు కూడా అదే రెగ్యులేటరు. అంచేత రెండు ముళ్ళూ ఒకేసారి పిచ్చిపట్టినట్టు ఆడితే తప్పు టాంకులో లేదు, ఆ రెగ్యులేటరులో ఉందని అనుభవజ్ఞులు వెంటనే పోల్చుకునేవారు.

ఇంతవరకూ సాఫీగానే ఉంది. నా కళ్ళు తెరిపించినవి ఆ చుట్టల కొలతలు. 1986 దాకా ఫోర్డ్ ట్రక్కుల్లో ఖాళీ టాంకుకు నిరోధం సుమారు 73 ఓములు, నిండు టాంకుకు 10. అంటే చమురు తగ్గేకొద్దీ నిరోధం పెరుగుతుంది. 1987 నుంచి వారే ఆ వరసను తిరగేశారు. ఖాళీకి 16, నిండుకు 158 ఓములు. ఖాళీకి సున్నా, నిండుకు 90 ఓములు పెట్టే వరస కూడా అమెరికా బళ్ళలో చాలాకాలం నడిచింది.

అంకెలు చూస్తే ఇది ఇంజనీర్ల ఇష్టాయిష్టాల సంగతి అనిపిస్తుంది. కాని ఇప్పుడు నాన్నగారి ప్రశ్న వేసి చూడండి. తీగ తెగితే నిరోధం అనంతం. మొదటి వరసలో అనంతమైన నిరోధం అంటే ఖాళీ కంటే ఖాళీ. ముల్లు కిందికి పడుతుంది. నడిపేవాడు కంగారుపడి తరవాతి బంకులో ఆగుతాడు, టాంకు నిండుగా ఉందని తెలుసుకుని ముల్లును తిట్టుకుని వెళ్ళిపోతాడు. రెండో వరసలో అదే తీగ తెగితే ముల్లు నిండు గుర్తును దాటి పైకి ఎక్కుతుంది. నడిపేవాడు నిశ్చింతగా బంకు దాటిపోతాడు. తీగ తెగడం ఒకటే. ఒక బండిలో అది భయపెట్టే అబద్ధం, మరో బండిలో ఊరడించే అబద్ధం.

* * *

తిరిగి వచ్చిన తరవాతి శనివారం నాన్నగారూ నేనూ ట్రక్కు కింద పడుకున్నాం. పెట్రోలు ఆవిరి దగ్గర నిప్పురవ్వ లేకుండా చూసుకుని, ఒక మల్టీమీటరు, మూరెడు తీగ పట్టుకుని మొదలుపెట్టాం. ఆయన మొదట ఏ తీగనూ ముట్టుకోనివ్వలేదు. ఆలోచించమన్నారు.

ముల్లు ఒక్కటి, టాంకులు రెండు. ముల్లుదే తప్పయితే రెండు టాంకులకూ తప్పు చెప్పాలి. ముందు టాంకుకు సరిగానే చెబుతోంది. కనక ముల్లూ, దానికి కరెంటు ఇచ్చే భాగమూ, మీట నుంచి ముల్లుకు వెళ్ళే తీగా మంచివే. తప్పు వెనక టాంకు సొంత భాగంలో ఉండాలి. అంటే మీటలో వెనకవైపు కొన, అక్కడినుంచి టాంకు దాకా పోయే తీగ, ఫ్లోటు, ఎర్తు. ఒకే టాంకు ఉన్న బండిలో ఈ నిర్ణయానికి రావడానికి సగం రోజు పట్టేది. రెండో టాంకు మాకు సరిపోల్చుకునేందుకు ఒక మంచి సాక్షిని ఇచ్చింది.

తరవాత వెనక టాంకు మీది తీగ కొనను ఊడదీశాం. ముల్లు నిండు దగ్గరే ఉంది. ఆ కొనను ఒక్క క్షణం చాసిస్ ఇనుముకు తాకించాం. క్యాబిన్‌లో కూర్చున్న మా అబ్బాయి "పడిపోయింది" అని అరిచాడు. ముల్లు ఖాళీకి దిగిందన్నమాట. అంటే టాంకు దాకా తీగా, మీటా బాగానే ఉన్నాయి. మిగిలింది ఫ్లోటు గాని, ఎర్తు గాని. ఫ్లోటు కొనకూ చాసిస్‌కూ మధ్య కొలిస్తే మీటరు ఏమీ చూపలేదు, దారి తెగి ఉంది. ఫ్లోటు కొనకూ దాని సొంత ఎర్తు కొనకూ మధ్య కొలిస్తే ఖాళీ టాంకుకు ఎంత ఉండాలో అంత చూపింది. పాపం ఫ్లోటు నిజమే చెబుతోంది. ఆ మాట బయటికి పోయే దారి లేదు. టాంకు నుంచి చాసిస్‌కు బిగించిన నల్లటి ఎర్తు తీగ కొన తుప్పు పట్టి, మరచుట్టు కింద పొడిపొడిగా రాలిపోయింది. చేతితో పట్టుకుంటే ఊడివచ్చింది.

ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో గీకి, కొత్త తీగ బిగించడానికి పావుగంట పట్టింది. ఖర్చు రెండు డాలర్ల లోపు. ముల్లు ఖాళీ గుర్తు మీదికి దిగి నిలబడింది. ఖాళీని చూసి అంత సంతోషించడం అదే మొదటిసారి.

చేతులు తుడుచుకుంటూ నాన్నగారు రైలు సిగ్నలు సంగతి చెప్పారు. పాత రెక్క సిగ్నళ్ళలో రెక్క అడ్డంగా ఉంటే ఆగమని, కిందికి వాలితే పొమ్మని అర్థం. క్యాబిన్‌లో మీట లాగితే తీగ బిగుసుకుని రెక్క వాలుతుంది. స్తంభం మీద ఒక ఎదురు బరువు వేలాడుతూ ఉంటుంది. తీగ తెగినా, మీట వదిలినా ఆ బరువు రెక్కను మళ్ళీ అడ్డంగా నిలబెడుతుంది. తెగిన తీగ బండిని ఆపుతుందే తప్ప ప్రమాదంలోకి పొమ్మనదు. రైలు బ్రేకులదీ ఇదే నీతి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చిన మొదటి గాలి బ్రేకులో గొట్టం తెగితే బ్రేకు పోయేది. 1872లో ఆయనే ఆ పద్ధతిని తలకిందులు చేశాడు. గొట్టంలో గాలి ఉన్నంతసేపూ బ్రేకు విడిచి ఉంటుంది, గాలి పోతే బ్రేకు పడుతుంది. మన రైళ్ళలో దశాబ్దాలు నడిచిన వాక్యూం బ్రేకు కూడా ఆ నీతికే కట్టుబడింది. గొలుసు లాగితే బండి ఆగేది గొట్టంలోకి బయటి గాలి చొరబడడం వల్లే. పరికరం చెడిపోకుండా ఎవరూ కాపాడలేరు, చెడినప్పుడు ఎటు పడాలో మాత్రం ముందే నిర్ణయించవచ్చునన్నది ఆయన ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగపు సారం.

* * *

భయపెట్టే అబద్ధం, ఊరడించే అబద్ధం కాక మూడోది ఒకటుంది. ముల్లు ఏమీ చెప్పకపోవడం. దాని కథ కెనడాలో జరిగింది.

1983 జులై 23న ఎయిర్ కెనడా 143 విమానం మాంట్రియల్ నుంచి ఒటావా మీదుగా ఎడ్మంటన్‌కు బయలుదేరింది. అది కొత్త బోయింగ్ 767. చమురు కొలిచే దాని పరికరంలో రెండు మార్గాలున్నాయి, ఒకటి చెడితే రెండోది పనిచేయాలని. ఒక మార్గంలో సరిగా అతకని టంకం వల్ల ఆ లోపం రెండో మార్గాన్ని కూడా పట్టుకుని, ఇంధన సూచికలన్నీ చీకటయ్యాయి. చెడ్డ మార్గం బ్రేకరును తీసేసి ఉంచితే మంచిది పనిచేసేది. మాంట్రియల్‌లో పరీక్షించిన సాంకేతికుడు దాన్ని తిరిగి నొక్కి, వేరే పనిలో పడి అలాగే వదిలేశాడు.

సూచికలు మౌనంగా ఉన్నాయి గనక మోడల్ టీ నాటి పుల్లనే ఆశ్రయించారు. రెక్కల కింద కొలకడ్డీలు దించి చూస్తే టాంకుల్లో 7,682 లీటర్లున్నాయి. ప్రయాణానికి కావలసినది 22,300 కిలోలు. లీటర్లను కిలోలుగా మార్చాలంటే సుమారు 0.8తో హెచ్చవేయాలి. కెనడా అప్పుడు మెట్రిక్ కొలతలకు మారుతోంది, ఆ సంస్థలో కిలోల లెక్కన నడిచే మొదటి విమానాలు ఈ 767లే. కాగితం మీద ఉన్న గుణకం 1.77. అది లీటరు చమురు ఎన్ని పౌండ్లు తూగుతుందో చెప్పే అంకె. దానితో హెచ్చవేస్తే టాంకుల్లో 13,597 కిలోలున్నట్టు తేలింది. ఇరవై వేల లీటర్లు పోయవలసిన చోట 4,916 లీటర్లు పోశారు. విమానం కావలసినదానిలో సగం కంటే తక్కువ చమురుతో లేచింది. ఒటావాలో మళ్ళీ కొలిచారు, మళ్ళీ అదే 1.77తో హెచ్చవేశారు. తప్పు గుణకంతో ఎన్నిసార్లు సరిచూసినా లెక్క సరిపోతూనే ఉంటుంది.

41,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా చమురు అడుగంటి, చివరికి ఇంజన్లు రెండూ ఆగాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. తోటి పైలట్ మారిస్ క్వింటాల్ ఒకప్పుడు గిమ్లీ అనే చోట వైమానిక దళ స్థావరంలో పనిచేసినవాడు. మూతపడిన ఆ స్థావరం రన్‌వే మీద ఆ రోజు కార్ల పందేలు జరుగుతున్నాయి. ఆ జనం ఎదుట విమానాన్ని గాలిలో జార్చుకుంటూ తెచ్చి దించారు. 61 మంది ప్రయాణికులూ 8 మంది సిబ్బందీ బతికి బయటపడ్డారు. ఆ విమానం బాగుపడి 2008 దాకా ఎగిరింది.

గిమ్లీ గ్లైడర్‌గా పేరుపడ్డ ఈ కథను సాధారణంగా కొలతల పొరపాటుగా చెప్పుకుంటారు. అది నిజమే. కాని నాకు అందులో సూచికలు నిజాయితీగా ప్రవర్తించినట్టు కనిపిస్తుంది. తెలియనప్పుడు తెలియదన్నాయి. ఆ మౌనం విన్న మనుషులకు ఆగడానికి అవకాశం ఉంది. వారు ఆగలేదు, ఆ ఖాళీని ఒక అంకెతో నింపి ముందుకు సాగారు. నేను మాత్రం వారికంటే ఏ విషయంలో మెరుగు? మూడు వారాలు నడిపినా ఒక్క గాలను తగ్గని టాంకును నేను అనుమానించలేదు. వాడలేదు గనక తగ్గలేదనుకున్నాను. ఒక్కసారి మూత తీసి రెండు గాలన్లు పోయించి చూసినా, వెనక టాంకు నిండుగా లేదని బంకులోనే తెలిసిపోయేది. ఎండలో నాన్నగారిని నిలబెట్టిన తప్పును తుప్పు పట్టిన తీగ మీదికి పూర్తిగా తోసేయడం నాకు ఇప్పటికీ చేతకాదు.

ఆ తరవాత ట్రక్కులో ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. ఏ టాంకు ఎప్పుడు నింపానో, అప్పుడు మైళ్ళ మీటరు ఎంత ఉందో రాసుకునేవాణ్ణి. ముల్లు ఒక సాక్షి, పుస్తకం మరో సాక్షి. రెంటికీ పొసగకపోతే నేరుగా బంకుకే. నాన్నగారు 2011లో పోయారు. ఆ మరుసటి ఏడు ట్రక్కు అమ్మాను. కొన్న కుర్రవాడికి పుస్తకం ఇచ్చి, బండి కిందికి దూరి వెనక టాంకు ఎర్తు తీగను వదులు చేసి, క్యాబిన్‌లోకి వెళ్ళి ముల్లు చూడమన్నాను. ఖాళీ టాంకు ముల్లు ఠక్కున నిండుకు ఎక్కింది. అతను చాలాసేపు దానివైపే చూశాడు. తరవాత తనే కిందికి దూరి, తీగను తన చేత్తో బిగించుకున్నాడు.